ఆకుపచ్చ కాగితం మీద బి-ఫారం

మార్చి మొదటి ఆదివారం. న్యూయార్క్ లాంగ్ ఐలండ్‌లోని హిక్స్‌విల్‌లో ఎండ కాస్తోంది గానీ చలి మాత్రం వదల్లేదు. స్థానిక పదవికి పోటీ చేద్దామని మా పక్కింటావిడ బయల్దేరింది. ఆవిడ చేతిలో క్లిప్‌బోర్డు, దానికి బిగించిన ఆకుపచ్చ కాగితం, దారంతో కట్టిన పెన్ను. నేను తోడు వెళ్లాను. మూడో ఇంట్లో తలుపు తీసింది మన తెలుగావిడే. సంతకం కావాలని చెప్పగానే పెన్ను అందుకుంది.

"దానిదేముందండీ, పెట్టేస్తాను. మా ఆయన కాస్ట్‌కోకి వెళ్లారు, ఆయనది కూడా నేనే పెట్టేయనా?"

"అయ్యో, వద్దండి! ఆయన వచ్చాక నేనే మళ్లీ వస్తా."

"పోనీ మా నాన్నగారున్నారు. మొన్ననే ఊరి నుంచి వచ్చారు. ఆయనతో పెట్టించమంటారా?"

ఆ నాన్నగారు అప్పటికే మంకీ క్యాప్ సర్దుకుంటూ గుమ్మంలోకి వచ్చేశారు. డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయ్యారట. ఎన్నికల డ్యూటీలు లెక్కలేనన్ని చేశారు. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏమ్మా, ఇన్ని సంతకాలెందుకు? పార్టీ బి-ఫారం ఇవ్వలేదా?" అన్నారు.

పక్కింటావిడ నా వైపు చూసింది. నాకూ వెంటనే నోరు పెగల్లేదు. ఆయన అడిగిన ప్రశ్న చిన్నదే. దానికి జవాబు చెప్పాలంటే మాత్రం అమెరికా ప్రైమరీల గుట్టంతా విప్పాలి.

మన దగ్గర పార్టీ టికెట్ అంటే అధినాయకత్వం సంతకం చేసి ఇచ్చే బి-ఫారం. అది జేబులో ఉంటే నామినేషన్‌కు ఒక్క ప్రతిపాదకుడు చాలు. గుర్తింపు లేని పార్టీవాళ్లకూ, స్వతంత్రులకూ లోక్‌సభ, అసెంబ్లీ ఎన్నికల్లో పదిమంది ప్రతిపాదకులు కావాలి. అమెరికాలో ఆ బి-ఫారం పార్టీ ఆఫీసులో దొరకదు. ఒకే పార్టీ టికెట్ కోసం ఇద్దరో ముగ్గురో పోటీపడితే, ఆ పార్టీ ఓటర్లే ముందు ఒక ఎన్నిక పెట్టుకుని ఎవరికివ్వాలో తేలుస్తారు. దాన్నే ప్రైమరీ అంటారు. అసలు ఎన్నిక నవంబరులో జరిగితే న్యూయార్క్‌లో ప్రైమరీ జూన్‌లో జరుగుతుంది. ఆ ప్రైమరీ బ్యాలట్ మీద పేరు ఎక్కడానికే ఈ ఆకుపచ్చ కాగితాల తంటా. న్యూయార్క్ చట్టం దీన్ని డెజిగ్నేటింగ్ పిటిషన్ అంటుంది. డెమొక్రాట్లది ఆకుపచ్చ. పార్టీకొక రంగు.

మొదట్లో ఈ గొడవే లేదు. 1880ల దాకా అమెరికాలో ప్రభుత్వం బ్యాలట్ అచ్చువేసేదే కాదు. పార్టీలే తమ అభ్యర్థుల పేర్లతో చీటీలు అచ్చేయించి పంచేవి, ఓటరు నచ్చిన చీటీ తీసుకెళ్లి పెట్టెలో వేసేవాడు. 1888లో మసాచుసెట్స్, ఆ వెనకే మిగతా రాష్ట్రాలు ప్రభుత్వమే అచ్చువేసే రహస్య బ్యాలట్‌కు మారాయి. చీటీలు, బెదిరింపులు, ఓట్ల కొనుగోళ్లు తగ్గాయి. దాంతోపాటే కొత్త ప్రశ్న ఒకటి పుట్టింది: ప్రభుత్వం అచ్చువేసే కాగితం మీద ఎవరి పేరు ఉండాలి? అందరి పేర్లూ వేస్తే కాగితం చాలదు. అధికారి ఇష్టానికి వదిలేస్తే ఇంకేమైనా ఉందా? అందుకే, నీ వెనుక కొంతమంది ఓటర్లు ఉన్నారని సంతకాలతో చూపించు అన్నారు. ఆలోచన సబబే. చిక్కంతా ఆ చూపించే పద్ధతిలో ఉంది.

ఆ చిక్కేమిటో చెప్పేముందు, గేటంటూ ఒకటి ఎందుకుండాలో మన నల్లగొండను అడగాలి. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఫ్లోరైడ్ నీళ్లతో నడుములు వంగిపోయిన జిల్లా గోడు ఢిల్లీకి వినిపించాలని జల సాధన సమితి పిలుపునిస్తే జనం నామినేషన్లు కుప్పలుగా వేశారు. చివరికి బరిలో 480 మంది మిగిలారు. బ్యాలట్ పత్రం పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా పడింది. అప్పటికి డిపాజిట్ 500 రూపాయలే. ఆ ఏడాదే చట్టం సవరించి డిపాజిట్‌ను 10,000 చేశారు, స్వతంత్రులకు పదిమంది ప్రతిపాదకుల నిబంధన పెట్టారు. తర్వాత డిపాజిట్ 25,000కు చేరింది. అంత చేసినా 2019లో నిజామాబాద్‌లో 185 మంది నిలబడ్డారు, వాళ్లలో పసుపు, ఎర్రజొన్న రైతులే 178 మంది. ఒక్కో పోలింగ్ కేంద్రంలో ఈవీఎం బ్యాలట్ యూనిట్లు పన్నెండేసి వరుసగా పేర్చాల్సి వచ్చింది. కాబట్టి గేటే వద్దనే వాదన నాకు రుచించదు. నల్లగొండవాళ్ల బాధ నిజమే, పన్నెండు యూనిట్ల ముందు నిలబడి తన గుర్తు వెతుక్కున్న ముసలమ్మ అవస్థా నిజమే. గేటు ఉండాలి. ఏం పరీక్షిస్తోంది అన్నదే తేల్చుకోవాల్సింది.

న్యూయార్క్ గేటు దగ్గరికి వద్దాం. అంకెలు చూస్తే భయపడేంత లేవు. న్యూయార్క్ నగర కౌన్సిల్‌కు, అంటే మన కార్పొరేటర్ లాంటి పదవికి, 450 సంతకాలు. నగర మేయర్‌కు 3,750. రాష్ట్ర అసెంబ్లీకి 500, రాష్ట్ర సెనెట్‌కు 1,000, అమెరికా ప్రతినిధుల సభకు 1,250. లేదంటే ఆ నియోజకవర్గంలో ఆ పార్టీ తరఫున నమోదైన ఓటర్లలో 5 శాతం, ఏది తక్కువైతే అది. ఇక్కడ ఓటరుగా నమోదయ్యే ఫారంలోనే మీది ఏ పార్టీ అని అడిగే గడి ఉంటుంది. సమర్పణ గడువుకు ముందు 37 రోజుల్లోనే ఇవన్నీ సేకరించాలి. ఫిబ్రవరి చివర మొదలై ఏప్రిల్ మొదట్లో ముగుస్తుంది. అంటే సరిగ్గా జనం తలుపు తీయడానికి బద్ధకించే కాలం.

450 అంటే ఓ పెళ్లి భోజనానికి వచ్చేంత మంది. నాలుగు ఆదివారాలు తిరిగితే అయిపోవాలి కదా? కానీ ఇక్కడ అనుభవమున్నవాళ్లెవరూ 450తో ఆగరు, మూడింతలు తెస్తారు. అవతలివాళ్లు ఎన్ని కొట్టేయిస్తారో ఎవరికీ తెలియదు మరి.

సంతకం ఎలా పడిపోతుందో ఆ ఒక్క గుమ్మం దగ్గరే చూడొచ్చు. ఆ ఇంటావిడ అమెరికా పౌరురాలు, ఆ పార్టీ కింద నమోదైన ఓటరు, అదే నియోజకవర్గం. కాబట్టి ఆమె సంతకం చెల్లుతుంది. భర్త బదులు ఆమె పెడితే చెల్లదు, పైగా అది నేరం. భర్త ఓటరే అయినా పార్టీ గడిలో టిక్కు పెట్టకుండా వదిలేసి ఉంటే ఆయన స్వయంగా పెట్టినా చెల్లదు. గ్రీన్ కార్డు ఉన్న మరదలికీ, హెచ్-1బీ మీదున్న పైఅంతస్తు కుర్రాడికీ ఆ కాగితం ముట్టే పనే లేదు. నాన్నగారి సంగతి సరేసరి. ఇక ఆమె అదే పదవికి వారం కిందట ఇంకొకరి పిటిషన్ మీద సంతకం పెట్టి మరిచిపోయి ఉంటే, తేదీ ముందున్నదే లెక్కకొస్తుంది, మా పక్కింటావిడది పోతుంది. మొహమాటానికి ఇద్దరికీ పెట్టేయడం మనవాళ్లకు మామూలే. ఇంటికొచ్చినవాళ్లను ఊరికే ఎలా పంపిస్తాం?

ఇవన్నీ అర్థమయ్యే నిబంధనలే, వీటితో నాకు పేచీ లేదు. పేచీ ఆ తర్వాతి గడితో.

కాగితం మీద ప్రతి వరుసలో తేదీ, సంతకం, ఇంటి చిరునామా, చివర 'టౌన్ లేదా సిటీ' అనే గడి. ఆమె అక్కడ 'హిక్స్‌విల్' అని రాయబోయింది. ఎవరైనా అదే రాస్తారు. ఉత్తరాలు వచ్చేది హిక్స్‌విల్‌కే, రైలు స్టేషన్ బోర్డు మీద ఉన్నదీ అదే. కానీ చట్టం దృష్టిలో హిక్స్‌విల్ టౌన్ కాదు. అది ఆయిస్టర్ బే అనే టౌన్‌లో ఓ ఊరు, సొంత పాలకవర్గం లేని ఊరు. మన లెక్కలో చెప్పాలంటే మండలం పేరు రాయాల్సిన చోట ఊరి పేరు రాయడమన్నమాట. లాంగ్ ఐలండ్‌లో ఇలాంటి సంతకాలు కోర్టుల దాకా వెళ్లి పడిపోయిన సందర్భాలున్నాయి. మనిషి నిజం, ఓటు నిజం, ఇల్లు నిజం, సంతకం నిజం. తప్పల్లా మండలం పేరు తెలియకపోవడం! న్యూయార్క్ నగరంలోనైతే ఆ గడిలో కౌంటీ, అంటే మన జిల్లా లాంటిదాని పేరు ఉండాలి. బ్రూక్లిన్‌లో ఉండేవాళ్లు 'కింగ్స్' అనీ, స్టాటెన్ ఐలండ్ వాళ్లు 'రిచ్‌మండ్' అనీ రాయాలి. పుట్టి పెరిగినవాళ్లలోనే ఎందరికి గుర్తుంటుంది?

తేదీ తప్పు రాసి దిద్దితే, ఆ దిద్దుబాటు పక్కన పొడి సంతకం లేకపోతే గొడవ. ఓటరుగా నమోదైనప్పుడు గొలుసుకట్టుగా సంతకం పెట్టి, ఇప్పుడు చలికి వేళ్లు కొంకర్లు పోయి పొడి అక్షరాలు రాస్తే, రెండూ పోలలేదని కొట్టేయమని అడుగుతారు. పదేళ్ల కింద 'వి.ఎస్.ఎన్. మూర్తి' అని పెట్టినాయన ఇప్పుడు పూర్తి పేరు పొడుగ్గా గీకితే అదో తలనొప్పి.

ఇక ప్రతి కాగితం అడుగున సాక్షి ప్రకటన ఉంటుంది. ఈ కాగితం మీద ఇన్ని సంతకాలున్నాయి, ఒక్కొక్కరూ నా ఎదుటే పెట్టారు అని సేకరించినవాళ్లు రాసి సంతకం చేయాలి. ఆ సాక్షి నోటరీ లాంటివారైనా కావాలి, లేదా అదే పార్టీ కింద నమోదైన న్యూయార్క్ ఓటరైనా కావాలి. నేను ఏ పార్టీ గడిలోనూ టిక్కు పెట్టని మనిషిని. కాబట్టి ఆ రోజంతా తలుపులు కొట్టాను, కుక్కల్ని బుజ్జగించాను, క్లిప్‌బోర్డు మోశాను. కాగితం అడుగున సంతకం పెట్టే యోగ్యత మాత్రం నాకు లేదు. తెలియక పెట్టి ఉంటే ఆ కాగితం మీదున్న సంతకాలన్నీ ఒక్క దెబ్బకు పోయేవి.

బయటివాళ్లకు తెలియని అసలు మెలిక ఇంకొకటుంది. ఈ తప్పుల్ని ఎన్నికల బోర్డు తనంతట తాను వెతకదు. పైకి సక్రమంగా కనిపిస్తే పిటిషన్ చెల్లినట్టే. ఎవరైనా ఓటరు మూడు రోజుల్లోగా అభ్యంతరం దాఖలు చేసి, ఆ తర్వాత ఆరు రోజుల్లోగా ఏ పేజీలో ఏ వరుసలో ఏం తప్పో వివరాలిస్తేనే బోర్డు ఒక్కొక్క సంతకాన్నీ ఓటరు జాబితాతో సరిచూస్తుంది. ఆపైన కోర్టు. అంటే అవే తప్పులున్న రెండు పిటిషన్లలో ఒకటి హాయిగా బ్యాలట్ ఎక్కుతుంది, ఇంకొకటి చెత్తబుట్టలోకి పోతుంది. తేడా తప్పుల్లో లేదు, ఎదుటివాడికి లాయరున్నాడా లేడా అన్నదాంట్లో ఉంది. చాలాకాలంగా కుర్చీలో ఉన్న నాయకుడికి లాయరుంటాడు, ఓటరు జాబితాను జల్లెడ పట్టే కార్యకర్తలుంటారు. కొత్తగా దిగినామెకు ఉండేది నాలాంటి పక్కింటివాడు.

ఈ ఆట పెద్దపెద్దవాళ్లే ఆడారు. 1996లో ఇల్లినాయ్ రాష్ట్ర సెనెట్ డెమొక్రాటిక్ ప్రైమరీలో మొదటిసారి పోటీకి దిగిన యువ న్యాయవాది తన నలుగురు ప్రత్యర్థుల పిటిషన్లకూ అభ్యంతరాలు వేయించాడు. నలుగురూ బ్యాలట్ నుంచి పోయారు. వాళ్లలో ఆ సీట్లో అప్పటికి కూర్చునున్న అలిస్ పామర్ కూడా ఒకరు. ఆయన ఏకగ్రీవంగా గట్టెక్కాడు. పేరు బరాక్ ఒబామా. నిబంధన ప్రకారమే చేశాడు, తప్పు పట్టలేం. కాకపోతే ఆ ప్రైమరీలో ఓటర్లకు ఎంచుకోవడానికి ఇంకో పేరు లేకుండా పోయింది.

దెబ్బ తిన్న పెద్దవాళ్లూ ఉన్నారు. 2002లో వాషింగ్టన్ డీసీ మేయర్ ఆంథొనీ విలియమ్స్ మళ్లీ పోటీకి దిగాడు. కావాల్సినవి 2,000 సంతకాలు, ఆయన మనుషులు పదివేల పైచిలుకు తెచ్చారు. అందులో కోఫీ అన్నన్, టోనీ బ్లెయిర్ సంతకాలు కూడా ఉన్నాయి! కూలికి పెట్టిన సేకర్తలు ఓ గదిలో కూర్చుని రాసేసిన బాపతు. బోర్డు ఆయన పేరు తీసేసి 2,77,700 డాలర్ల జరిమానా వేసింది. ఆయన తన పేరును ఓటర్లే చేత్తో బ్యాలట్ మీద రాయాలని ప్రచారం చేసుకున్నాడు. ప్రైమరీ గెలిచాడు, మేయర్‌గా కొనసాగాడు.

డెట్రాయిట్ కథ ఇంకా విచిత్రం. 2013లో మైక్ డుగ్గన్ మేయర్ పదవికి దిగాడు. అక్కడి ప్రైమరీ పార్టీలతో పని లేనిది, మొదటి రౌండు లాంటిదనుకోండి. దరఖాస్తు చేసే నాటికి అభ్యర్థి ఏడాదిగా డెట్రాయిట్ ఓటరై ఉండాలని నగర చార్టర్. ఆయన ఓటరుగా నమోదైంది 2012 ఏప్రిల్ 16న. పిటిషన్లు ఇచ్చింది 2013 ఏప్రిల్ 2న. గడువు మే 14 దాకా ఉంది. చక్కగా సంతకాలు సేకరించుకుని, అందరికంటే ముందే ఉత్సాహంగా తెచ్చిచ్చినందుకు పద్నాలుగు రోజుల తేడాతో దొరికిపోయాడు. అదే కాగితాలు మూడు వారాలు డ్రాయరులో పెట్టుకుని ఇచ్చి ఉంటే ఏ పేచీ లేదు. కోర్టు పేరు తీసేసింది. ఆయనా చేత్తో రాసే ఓట్లనే నమ్ముకున్నాడు. ఇంతలో దాదాపు అదే పేరు పలికే ఓ బార్బర్ కూడా రాత ఓట్ల అభ్యర్థిగా నమోదయ్యాడు. పేరు కలిసేవాణ్ని పక్కన నిలబెట్టడం మన రాజకీయాల్లో పాత పాచికే కదా, డెట్రాయిట్ దాకా పాకిందన్నమాట. అయినా డుగ్గన్ ప్రైమరీలో మొదటి స్థానంలో నిలిచాడు, నవంబరులో గెలిచి మేయరయ్యాడు.

ఈ రెండు కథలూ చెప్పి, "చూశారా, జనబలం ఉన్నవాణ్ని కాగితం ఆపలేదు" అనేవాళ్లున్నారు. నాకు అవి తిరగేసి కనిపిస్తాయి. బ్యాలట్ మీద పేరు లేకుండా, వేలమంది చేత పేరు రాయించుకుని గెలవాలంటే డబ్బుండాలి, ఊరంతా తెలిసిన పేరుండాలి. ఆ రెండూ వాళ్లిద్దరికీ ఉన్నాయి. స్కూలు బోర్డుకో టౌన్ కౌన్సిల్‌కో దిగిన మామూలు మనిషి బ్యాలట్ నుంచి జారితే ఆ ఏడాదికి కథ ముగిసినట్టే. వాళ్ల కథలు పేపర్లోకి కూడా రావు.

సరళం చేద్దాం అనగానే అందరి చూపూ ముందు సంతకాల సంఖ్య మీద పడుతుంది. కోవిడ్ పుణ్యమా అని న్యూయార్క్‌లో దాన్నీ చూశాం. 2021లో ఇళ్ల చుట్టూ తిరగడం ప్రమాదమని సంతకాల సంఖ్యను మామూలులో 60 శాతానికి దించారు. నగర కౌన్సిల్‌కు 450 బదులు 270, మేయర్‌కు 3,750 బదులు 2,250. గేటు అంత వెడల్పు చేస్తే నల్లగొండ పునరావృతమైందా? మేయర్ పదవికి డెమొక్రాటిక్ బ్యాలట్ మీద 13 పేర్లు ఉన్నాయి, అంతే. ఆ ఏడాది కుర్చీ ఖాళీగా ఉంది, ప్రచారానికి నగరమే నిధులు జోడిస్తోంది, అవీ కారణాలే. కాబట్టి ఆ పదమూడూ సంతకాలు తగ్గించడం వల్లే వచ్చాయనీ అనలేం. తర్వాత సంఖ్య మళ్లీ పాత చోటికే వెళ్లింది.

కానీ 270 అయినా 'టౌన్' గడి అదే, పొడి సంతకం అదే, సాక్షి అదే. సంఖ్య తగ్గితే నడిచే దూరం తగ్గుతుంది, జారిపడే గుంటలు అలాగే ఉంటాయి. స్థానిక పదవుల్లో సంఖ్యను నిజంగా చిన్నది చేసిన రాష్ట్రం పెన్సిల్వేనియా. అక్కడ టౌన్‌షిప్, బరో పదవులకూ స్కూలు బోర్డులకూ ప్రైమరీలో చాలాచోట్ల పది సంతకాలు చాలు. మన పదిమంది ప్రతిపాదకుల లెక్కే. అక్కడా చిన్న మెలికుంది. ఆస్తులు, ఆదాయాల ప్రకటన పత్రం సకాలంలో జతచేయకపోతే పది సంతకాలూ సక్రమంగా ఉన్నా పేరు పోతుంది.

రెండో దారి డబ్బు. మిషిగన్‌లో రాష్ట్ర ప్రతినిధుల సభకు, కౌంటీ కమిషనర్‌కు సంతకాలు వద్దనుకుంటే 100 డాలర్లు కట్టి పేరు నమోదు చేసుకోవచ్చు. మన డిపాజిట్ లాంటిదే. నాకు ఇది బాగానే ఉంది, కాకపోతే డబ్బు ఒక్కటే దారి కాకూడదు. టెక్సస్ ప్రైమరీ ఫీజులు వేల డాలర్లకు చేరినప్పుడు అమెరికా సుప్రీంకోర్టు 1972లో వాటిని కొట్టేసింది. 1974లో కాలిఫోర్నియా కేసులో, కట్టలేనివాడికి ఇంకో దారి చూపించకుండా ఫీజు అడగకూడదని తేల్చింది. సంతకాలో, ఫీజో, ఏదో ఒకటి అభ్యర్థి ఎంచుకునేలా ఉంటే న్యాయంగా ఉంటుంది.

మూడో దారి అరిజోనాది. అక్కడ రాష్ట్ర పదవులకు, శాసనసభకు పోటీచేసేవాళ్లకు ఆన్‌లైన్‌లో సంతకం పెట్టొచ్చు. ఆ వ్యవస్థ పేరు ఈ-క్వాల్. ఓటరు తన వివరాలతో లాగిన్ అవుతాడు, అతను ఆ నియోజకవర్గం ఓటరేనా కాదా అన్నది జాబితాతో అక్కడికక్కడే తేలిపోతుంది. మండలం పేరు గుర్తుంచుకునే పని లేదు, గొలుసుకట్టు రాత పోలికల గొడవ లేదు. డెన్వర్ నగరం 2015లో ట్యాబ్లెట్ మీద సంతకాలు తీసుకునే ప్రయోగం మొదలుపెట్టింది. సేకరించేవాళ్లు ఇంటికే వస్తారు, కాగితం బదులు తెర ఉంటుంది, ఓటరో కాదో గుమ్మంలోనే తెలుస్తుంది. నాకు నచ్చింది ఇది. తలుపు తట్టి మాట్లాడటం ఉండాలి, అదే కదా రాజకీయం. పోవాల్సింది తప్పుల మీద తప్పులు వెతికే యంత్రాంగం.

నిబంధనలు సడలిస్తే దొంగ సంతకాలు పెరుగుతాయని భయపడేవాళ్లను తీసిపారేయను. 2022లో మిషిగన్ గవర్నర్ పదవికి దిగిన రిపబ్లికన్లలో ఐదుగురు ఈ కారణంగానే బ్యాలట్ ఎక్కలేకపోయారు. కూలికి పనిచేసిన 36 మంది సేకర్తలు తెచ్చిన కాగితాల్లో, వివిధ అభ్యర్థులవి కలిపి, చెల్లని సంతకాలు 68,000 దాకా ఉన్నాయని రాష్ట్ర ఎన్నికల విభాగం తేల్చింది. అంతకు పదేళ్ల ముందు అదే రాష్ట్రంలో థాడియస్ మెకాటర్ అనే సిట్టింగ్ కాంగ్రెస్ సభ్యుడి సిబ్బంది పాత పిటిషన్లను జిరాక్స్ తీసి అంటించి ఇచ్చారు. కావాల్సినవి వెయ్యి, చెల్లినవి 244. ఆయన రాజీనామా చేశాడు, సిబ్బంది మీద కేసులు పడ్డాయి. అయితే వీటిని పట్టుకున్నది 'టౌన్' గడి కాదు. అధికారులు కూర్చుని ఓటరు జాబితాతో, పాత సంతకాలతో పోల్చి చూస్తే దొరికాయి. దొంగ సంతకం చేసేవాడు మండలం పేరు తప్పు రాయడు, జాబితా చూసి మరీ శ్రద్ధగా రాస్తాడు. ఆ గడిలో తడబడేది నిజమైన మనిషే.

అందుకే నన్నడిగితే మొదట చేయాల్సిన మార్పు సంఖ్యదీ కాదు, సాంకేతికతదీ కాదు. తప్పు దిద్దుకునే గడువు. ఈ మాట ఆ రోజు గుమ్మంలో మాజీ డిప్యూటీ తహసీల్దారుగారే అన్నారు. "మా దగ్గరైతే నామినేషన్ తీసుకునేటప్పుడే ఏం తక్కువయిందో చెక్‌లిస్టు మీద రాసి చేతికిచ్చేవాళ్లం. స్క్రూటినీ మొదలయ్యే లోపు తెచ్చుకోమనేవాళ్లం" అన్నారాయన. నిజమే. పైగా ప్రజాప్రాతినిధ్య చట్టం 36వ సెక్షన్ నాలుగో ఉపవిభాగం, తప్పు మౌలికమైనది కాకపోతే నామినేషన్ తిరస్కరించకూడదని రిటర్నింగ్ అధికారికి సూటిగా చెబుతుంది. మన దగ్గర తిరస్కరణలు రచ్చకెక్కవని కాదు, కావలసినన్ని ఎక్కుతాయి. కానీ సూత్రం చట్టంలో రాసి ఉంది.

న్యూయార్క్‌లోనూ దిద్దుకునే గడువు ఉంది, అయితే అది సంతకాలకు కాదు. పిటిషన్ పైన పెట్టే కవర్ షీటులోనో, పేజీల కుట్టులోనో తేడా వస్తే మూడు పనిదినాల్లో సరిచేసుకోవచ్చు. అట్ట సరిచేసుకోవడానికి ఇచ్చే ఆ మూడు రోజులే లోపలి వరుసలకూ ఇస్తే? అవతలివాళ్లు అభ్యంతరం చెప్పిన సంతకందారుడు వచ్చి "ఆ సంతకం నాదే, మా ఊరు ఆయిస్టర్ బే టౌన్ కిందకే వస్తుంది" అని ఓ వాంగ్మూలం ఇస్తే చాలనే నియమం పెడితే? దొంగ సంతకం తరఫున ఎవరూ వచ్చి నిలబడరు. పెద్ద ఖర్చూ కాదు. ఇలాంటి మార్పు చేయాల్సింది ఆల్బనీలోని రాష్ట్ర శాసనసభ. అక్కడ కూర్చున్న ప్రతి ఒక్కరూ ఈ ఆకుపచ్చ, ఎర్ర కాగితాల మీదుగా గట్టెక్కి వచ్చినవాళ్లే. వాళ్ల దగ్గర ఇప్పటికే లాయర్లున్నారు. తొందరెందుకుంటుంది?

మా పక్కింటావిడ మూడింతలు సంతకాలు తెచ్చి బోర్డులో ఇచ్చింది. మూడు రోజులూ ఫోను మోగినప్పుడల్లా ఉలిక్కిపడింది. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఆ కట్టలో మేం చూసుకోకుండా వదిలేసిన 'హిక్స్‌విల్'లు ఓ పదిహేనైనా ఉండి ఉంటాయి, అన్నీ చెల్లిపోయాయి. ప్రైమరీలో ఓడిపోయింది, అది వేరే సంగతి.

మళ్లీ దిగుతుందట. ఆ రోజు పెద్దాయన చివర్లో ఇచ్చిన సలహా పాటించి, ఈసారి హైదరాబాద్ నుంచి వచ్చే చుట్టాలతో ఓ రబ్బరు స్టాంపు తెప్పించుకుంది: 'ఆయిస్టర్ బే' అని. సంతకాల కాలం రాకముందే ఖాళీ ఆకుపచ్చ కాగితాలు ముందేసుకుని, చివరి గడిలో ఒక్కొక్క వరుసకూ టక్కు టక్కుమని కొడుతూ కూర్చుంది. ఇంకు ప్యాడ్ నేను పట్టుకున్నాను. దానికి పార్టీ నమోదు అక్కర్లేదు.